టెక్ సందేహాలు: ఒక్క ఎండీఎస్ ఆగితే స్టూడియో అంతా ఎందుకు ఆగింది?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో చిన్న వీఎఫ్‌ఎక్స్ స్టూడియో. చాలా సర్వర్ల డిస్కులను ఒకే స్టోరేజ్‌గా కలిపే సెఫ్ సాఫ్ట్‌వేర్‌తో నాలుగు సర్వర్ల క్లస్టర్ పెట్టుకున్నాం. ఒక్కో సర్వర్‌లో పది హార్డ్ డిస్కులు, 64 జీబీ ర్యామ్. మొన్న ఒక సర్వర్‌కు అప్‌డేట్లు వేసి రీస్టార్ట్ చేస్తే, అది మళ్లీ లేచేదాకా అందరి షేర్డ్ ఫోల్డర్లూ బిగుసుకుపోయాయి. ఒక సర్వర్ పోయినా సెఫ్ ఆగదంటారు కదా సార్? ఎండీఎస్ కోసం పెద్ద డిస్కులున్న ఇంకో సర్వర్ కొనమని వెండర్ చెబుతున్నారు. కొనమంటారా?

జవాబు: కొనకండి. డబ్బు పెట్టాల్సింది అక్కడ కాదు.

ఎండీఎస్ అంటే మెటాడేటా సర్వర్. ఫైలు పేరేంటి, ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎవరికి పర్మిషన్ ఉంది, సైజెంత, ఎప్పుడు మారింది... ఈ లెక్కలు చూడటమే దాని పని. మీ షాట్లలోని అసలు డేటా దాని గుండా పోదు. ఫైలు తెరవడానికి ఎండీఎస్‌ను అడిగాక, మీ వర్క్‌స్టేషన్ నేరుగా డిస్కులను చూసుకునే ఓఎస్‌డీలతోనే మాట్లాడుతుంది. సేజ్ వైల్, ఆయన సహచరులు 2006లో సెఫ్ గురించి రాసిన పరిశోధనా పత్రంలోనే ఈ విభజన ఉంది. ఫైల్ సిస్టమ్‌కు వచ్చే పనుల్లో సగం దాకా మెటాడేటా పనులే ఉండొచ్చని, అందుకే దాన్ని వేరు చేశామని వాళ్లు అందులో చెప్పారు.

వెండర్‌కు తెలియని విషయం ఇంకోటుంది. ఎండీఎస్ తన దగ్గర ఏదీ దాచుకోదు. మెటాడేటా కూడా ఓఎస్‌డీల మీదే, ప్రత్యేకంగా ఒక పూల్‌లో (డేటాను విడిగా ఉంచే విభాగంలో) ఉంటుంది. ఎండీఎస్ దాన్ని మెమరీలోకి తెచ్చుకుని పని నడిపిస్తుంది, అంతే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తాళం పడితే పొలం ఎక్కడికీ పోదు, రిజిస్ట్రేషన్లు మాత్రం ఆగిపోతాయి. మీకు జరిగిందీ అదే. డేటా పోలేదు, పోయే ప్రమాదమూ రాలేదు. లెక్క చెప్పే డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రాం) ఒక్కటే ఉంది, అది ఆగితే పని అందుకోవడానికి స్టాండ్‌బై లేదు. 'సెఫ్ హెల్త్ డీటెయిల్' అని కొట్టి చూడండి, స్టాండ్‌బై ఎండీఎస్‌లు చాలవన్న హెచ్చరిక కనిపించవచ్చు. పసుపు రంగే కదా అని చాలామంది దాన్ని వదిలేస్తారు. నా దృష్టిలో అది ఎరుపుతో సమానం.

కాబట్టి ఉన్న సర్వర్లలోనే మూడింటి మీద ఎండీఎస్ పెట్టండి. సెఫ్‌ను నిర్వహించే టూల్ సెఫ్‌ఏడీఎం వాడుతుంటే 'సెఫ్ ఆర్క్ అప్లై ఎండీఎస్' కమాండ్‌కు ఫైల్ సిస్టమ్ పేరు, ప్లేస్‌మెంట్ మూడు అని ఇస్తే చాలు. ఒకటి యాక్టివ్‌గా ఉంటుంది, రెండు ఎదురుచూస్తుంటాయి. రెండోది ఎందుకంటే, ఒక సర్వర్‌ను అప్‌డేట్ కోసం దించిన సమయంలోనే ఇంకోటి మొరాయిస్తే? అలా జరుగుతుంది.

స్టాండ్‌బై ఉన్నా మార్పు కంటిరెప్పపాటులో జరిగిపోతుందని అనుకోవద్దు. ఎండీఎస్ ప్రతి నాలుగు సెకన్లకు క్లస్టర్ పరిస్థితిని గమనించే మానిటర్లకు 'ఉన్నాను' అని కబురు పంపుతుంది. 15 సెకన్లు కబురు లేకపోతే దాన్ని పక్కన పెట్టి స్టాండ్‌బైని పిలుస్తారు. కొత్తది పాతదాని జర్నల్ (మార్పులను వరసగా రాసుకున్న చిట్టా) చదవాలి, ఆపైన క్లయింట్లన్నీ, అంటే షేర్డ్ ఫోల్డర్ వాడే మెషీన్లన్నీ, మళ్లీ వచ్చి కలవాలి. కలవని క్లయింట్ కోసం 45 సెకన్ల దాకా చూస్తుంది. ఎవరో లాప్‌టాప్ మూసి టీకి వెళ్లినా మిగతావాళ్లు ఆ కాసేపు ఆగాల్సిందే. ఆ టైంలో 'సెఫ్ ఎఫ్‌ఎస్ స్టేటస్' కొడితే రీప్లే, రీకనెక్ట్, రీజాయిన్, యాక్టివ్ అని వరసగా మారుతూ కనిపిస్తుంది. కదులుతున్నంతసేపూ టెన్షన్ పడక్కర్లేదు, మధ్యలో మళ్లీ రీస్టార్ట్ మాత్రం చేయకండి. మొదటికొస్తుంది.

స్టాండ్‌బై-రీప్లే ఆన్ చేస్తే ఒక స్టాండ్‌బై ముందునుంచే యాక్టివ్ జర్నల్‌ను చదువుతూ వెంట నడుస్తుంది, మార్పు త్వరగా అవుతుంది. బదులుగా అది కూడా క్యాష్‌కు (మెటాడేటాను మెమరీలో తెచ్చి ఉంచుకోవడానికి) మెమరీ తింటుంది.

మెమరీ దగ్గరే మీరు జాగ్రత్తగా లెక్క వేయాలి. ఎండీఎస్ క్యాష్ లిమిట్ మామూలుగా 4 జీబీ ఉంటుంది. పెంచితే వేగం వస్తుందని ఒక్కసారిగా 16 జీబీ చేసేవాళ్లున్నారు. ఆ లిమిట్ గట్టి గోడ కాదు, దాన్ని దాటుతుంది. ఒకటిన్నర రెట్లు దాటాకే హెచ్చరిక వస్తుంది. మీ సర్వర్‌లో పది ఓఎస్‌డీలు, మార్చకపోతే ఒక్కోదానికి 4 జీబీ చొప్పున 40. ఎండీఎస్‌కు 16 అని రాస్తే అది 24 దాకా పోవచ్చు. మొత్తం 64 అయిపోయింది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఏమీ మిగల్లేదు. మెమరీ చాలక లినక్స్ దేన్నో ఒకదాన్ని చంపుతుంది, ఎక్కువ తింటున్న ఎండీఎస్సే బలి కావచ్చు. మీ దగ్గర 8 దాటనివ్వకండి.

వెండర్ చెప్పిన డబ్బుతో మూడు సర్వర్లలో తలా ఒక మంచి ఎస్‌ఎస్‌డీ పెట్టి, మెటాడేటా పూల్‌ను వాటి మీదికి మార్చండి. పూల్‌కు ఎస్‌ఎస్‌డీ క్రష్ రూల్ (డేటా ఏ డిస్కుల మీద ఉండాలో చెప్పే నియమం) ఇస్తే డేటా తనంతట తనే కదులుతుంది. మూడు కాపీలకు మూడు సర్వర్లు. పూర్తి కాపీలకు బదులు డేటాను ముక్కలు చేసి దాచే ఎరేజర్ కోడింగ్ మెటాడేటా పూల్‌కు పనికిరాదు. ఒక్కో ఎస్‌ఎస్‌డీకీ ఇంకో 4 జీబీ ర్యామ్ లెక్కలో కలుపుకోండి. ఎప్పుడైనా ఎండీఎస్ కోసమే సర్వర్ కొనాల్సి వస్తే కోర్ల సంఖ్య చూడొద్దు, క్లాక్ స్పీడ్ చూడండి. దాని పనిలో ఎక్కువ భాగం ఒకే కోర్ మీద నడుస్తుంది.

ప్రశ్న: రోజూ తెల్లవారుజామున 'క్యాష్ ప్రెషర్‌కు క్లయింట్లు స్పందించడం లేదు' అని వార్నింగ్ వస్తోంది. పగలు పోతుంది. ఎండీఎస్ మెమరీ పెంచాలా?

జవాబు: రోజూ ఒకే వేళకు వస్తోందంటే ఆ వేళకు నడిచే పనేదో ఉంది. ముందు దాన్ని పట్టుకోండి. క్లయింట్ చూసిన ప్రతి ఫైలుకూ ఎండీఎస్ ఒక హక్కు (క్యాప్) ఇస్తుంది, దాన్ని గుర్తుంచుకోవడానికి తన మెమరీ ఖర్చు పెడుతుంది. తిరిగి ఇమ్మన్నా క్లయింట్ ఇవ్వకపోతే వచ్చే వార్నింగే ఇది. 'సెఫ్ టెల్' ద్వారా ఆ ఎండీఎస్ సెషన్ లిస్ట్ తీసి, ఏ క్లయింట్ దగ్గర క్యాప్స్ సంఖ్య లక్షల్లో ఉందో చూడండి.

నేను ముందుగా అనుమానించేది అప్‌డేట్‌డీబీని. లినక్స్‌లో 'లొకేట్' కమాండ్ కోసం రోజుకోసారి డిస్కంతా తిరిగొచ్చే ప్రోగ్రాం అది. షేర్డ్ ఫోల్డర్‌ను మినహాయించకపోతే ప్రతి మెషీనూ విడివిడిగా మీ ఫైల్ సిస్టమ్ మొత్తాన్ని తిరుగుతుంది. ముప్పై మెషీన్లుంటే ముప్పై సార్లు! దాని కాన్ఫిగ్ ఫైల్లో మౌంట్ పాత్‌ను వదిలేయాల్సిన జాబితాలో చేర్చండి.

ఇంకోటి, ఫోల్డర్ సైజు తెలుసుకోవడానికి 'డీయూ' కొట్టే స్క్రిప్టులు. సెఫ్ ఫైల్ సిస్టమ్ అయిన సెఫ్‌ఎఫ్‌ఎస్‌లో ఆ అవసరమే లేదు. ప్రతి ఫోల్డర్ కింద మొత్తం ఎన్ని బైట్లున్నాయో ఎండీఎస్ తానే లెక్క ఉంచుతుంది. 'గెట్‌ఎఫ్‌ఏటీటీఆర్' కమాండ్‌తో ఆ ఫోల్డర్ మీద 'సెఫ్ డాట్ డిఐఆర్ డాట్ ఆర్‌బైట్స్' అడిగితే జవాబు వెంటనే వస్తుంది. ఇంత మంచి సౌకర్యం ఉండి కూడా గంటలకొద్దీ డీయూ నడిపే ఆఫీసులు చూస్తే బాధేస్తుంది.

ప్రశ్న: ఇంట్లో రెండు పాత పీసీలున్నాయి. ఫొటోల కోసం సెఫ్ పెట్టుకోవచ్చా?

జవాబు: నేర్చుకోవడానికైతే వర్చువల్ మెషీన్లలో పెట్టుకోండి. ఫొటోల కోసం మాత్రం వద్దు. మానిటర్లే కనీసం మూడు మెషీన్ల మీద ఉండాలి. ఒక పీసీలో ఎన్‌ఎఫ్‌ఎస్ లేదా సాంబా షేర్, రెండో దానికి రోజూ బ్యాకప్ చాలు.

ప్రశ్న: మా కాలేజీ ఏఐ ల్యాబ్‌లో ఒకే ఫోల్డర్ కింద 40 లక్షల చిన్న ఇమేజ్ ఫైళ్లున్నాయి. ట్రైనింగ్ మొదలైతే ఎండీఎస్ నెమ్మదిస్తోంది. యాక్టివ్ ఎండీఎస్‌లను నాలుగు చేస్తే నాలుగింతల వేగం వస్తుందా?

జవాబు: రాదు. యాక్టివ్ ఎండీఎస్‌లు ఫోల్డర్ల చెట్టును కొమ్మలుగా పంచుకుంటాయి. మీ బరువంతా ఒకే కొమ్మ మీద ఉంటే మిగతా మూడూ పెద్దగా అక్కరకు రావు. మొదట చిన్న ఫైళ్లను వేలకు వేలుగా టార్ ఫైళ్లలో కట్టి, ట్రైనింగ్‌కు వాటినే చదివించండి. తెరవాల్సిన ఫైళ్లు 40 లక్షల నుంచి కొన్ని వేలకు దిగుతాయి. చాలా ల్యాబుల్లో సమస్య అక్కడే తీరిపోతుంది.

అప్పటికీ ఎండీఎస్ ఒక కోర్‌ను పూర్తిగా తింటుంటే మాక్స్ ఎండీఎస్ (యాక్టివ్‌ల సంఖ్య) రెండు చేసి, ఏ ప్రాజెక్ట్ ఫోల్డర్ ఏ ర్యాంక్‌కు (యాక్టివ్ ఎండీఎస్ నంబరుకు) వెళ్లాలో 'డిఐఆర్ పిన్' అట్రిబ్యూట్‌తో మీరే చెప్పండి. యాక్టివ్‌లు పెరిగితే స్టాండ్‌బైలూ పెంచాలి. చేత్తో వెర్షన్ అప్‌గ్రేడ్ చేసేటప్పుడు స్టాండ్‌బై-రీప్లే ఆపి, మాక్స్ ఎండీఎస్‌ను ఒకటికి తగ్గించి, అదనపు ర్యాంకులు పూర్తిగా ఆగాకే ముందుకెళ్లండి.

ప్రశ్న: అర్జెంట్ సార్. కరెంట్ పోయి వచ్చాక 'ర్యాంక్ 0 డ్యామేజ్డ్' అని చూపిస్తోంది. జర్నల్ రీసెట్ చేయమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. చేయాలా?

జవాబు: ఇప్పుడే చేయకండి. రీసెట్ అంటే జర్నల్‌లో ఉండి అసలు మెటాడేటాలోకి ఇంకా చేరని మార్పులను వదులుకోవడమే. ముందు అన్ని ఓఎస్‌డీలు పైకి వచ్చాయా, మెటాడేటా పూల్‌లోని పీజీలన్నీ (పూల్ డేటాను విభజించిన గుంపులు) యాక్టివ్‌గా ఉన్నాయా చూడండి. తర్వాత 'సెఫ్‌ఎఫ్‌ఎస్ జర్నల్ టూల్'తో జర్నల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును క్లస్టర్ బయట ఉన్న డిస్కులో పెట్టండి. అదే టూల్‌తో ఇన్‌స్పెక్ట్ నడిపి వచ్చిన అవుట్‌పుట్‌ను, ఎండీఎస్ లాగ్‌లో డ్యామేజ్ అని వచ్చిన చోటికి ముందున్న వంద లైన్లతో కలిపి నాకు పంపండి.