పాడ్‌కాస్టుల గురించి రాయబోయే యువ మిత్రునికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా కన్జర్వేటివ్ పాడ్‌కాస్టులపై నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, ఆవేదన నిజమైనది. అయితే నువ్వు ఉటంకించిన మాటలన్నీ నిమిషం దాటని వీడియో ముక్కల్లోవి. రోజూ గంటసేపు వినేవాళ్ళు ఎందుకు వింటున్నారో ఆ ముక్కల వల్ల తెలియదు, నీ వ్యాసంలో లోటు అక్కడే ఉంది.

2015లో మొదలైన, కన్జర్వేటివ్ వ్యాఖ్యాత బెన్ షపీరో పాడ్‌కాస్టుతోనే ఈ ధోరణి పుట్టిందన్నట్టు రాశావు. దాని వేళ్ళు ఏఎం రేడియోలో ఉన్నాయి. వివాదాస్పద విషయాలపై భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలంటూ 1949 నుంచి ప్రసార సంస్థలపై ఉన్న ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్‌ను అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1987లో ఎత్తివేసింది. మరుసటి ఏడాదే కన్జర్వేటివ్ వ్యాఖ్యాత రష్ లింబా రేడియో కార్యక్రమం దేశమంతటా వినిపించసాగింది. అలాగని ఆ నిబంధన పోవడం ఒక్కటే కారణమని తేల్చేయకు. అప్పటికే సంగీతం ఎఫ్ఎంకు తరలిపోవడంతో, ఏఎం స్టేషన్లు తమ సమయాన్ని మాటలతో నింపుకోవలసి వచ్చింది.

వీళ్ళందరినీ కలిపి 'క్రైస్తవ కన్జర్వేటివులు' అన్నావు. షపీరో ఆర్థడాక్స్ యూదుడు, ఆయన మీడియా సంస్థ డైలీ వైర్‌లోనే మాట్లాడే మైకేల్ నోల్స్ క్యాథలిక్, 'ది బ్రీఫింగ్' పాడ్‌కాస్టు నడిపే ఆల్బర్ట్ మోలర్ ప్రొటెస్టెంట్లలో సదరన్ బాప్టిస్టు శాఖకు చెందినవాడు. మత సిద్ధాంతంలో ఒకరి మాట ఒకరికి చెల్లదు, అయినా గర్భస్రావం, వివాహం దగ్గరికి వచ్చేసరికి ఒక్క గొంతుతో పలుకుతారు. నన్నడిగితే అసలు వ్యాసం అక్కడ మొదలవ్వాలి. గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును సుప్రీంకోర్టు 2022 జూన్‌లో కొట్టివేసినప్పుడు, అది ఎన్నికల ఎత్తుగడ ఫలించడమని నువ్వు రాశావు. రాజకీయం అందులో నిస్సందేహంగా ఉంది. కానీ దశాబ్దాలుగా ప్రార్థిస్తూ వచ్చిన శ్రోతకు అది దేవుడు ఆలకించిన మొర. ఆ విశ్వాసంతో నువ్వు ఏకీభవించనక్కర్లేదు, అది నటన కాదని మాత్రం ఒప్పుకో.

మోలర్‌ను ఒక వారంపాటు విను. వార్త ఏ పత్రికలో వచ్చిందో, రాసినవారెవరో పేరు పెట్టి చెప్పి, అందులోని వాక్యాలు చదివి, ఆ తర్వాత క్రైస్తవ దృక్పథం నుంచి వాటితో వాదిస్తారు. మీడియాపై అపనమ్మకం పెంచే ఈ కార్యక్రమాలకు ముడిసరుకు అదే మీడియా విలేకరుల కష్టం. కాబట్టి ఆయన చదివిన కథనాన్ని వెతికి పూర్తిగా చదువు. ఏ పేరా తీసుకున్నారో, ఏది వదిలేశారో పక్కపక్కన పెట్టుకుని చూడు. నీ విమర్శకు అంతకన్నా గట్టి ఆధారం దొరకదు.

ప్రకటనలను దాటేయకు. దేశం పతనమవుతోందని చెప్పిన గొంతే, స్వరం మార్చకుండా, బంగారంలో పొదుపు చేసుకోమనో ఫలానా దిండు కొనమనో చెబుతుంది. హోస్టే స్వయంగా చదివే ఆ ప్రకటన శ్రోతకు వ్యాపారంలా తోచదు, అయినవాళ్ళ సలహాలా వినిపిస్తుంది. భయానికీ అమ్మకానికీ మధ్య ఉన్న ఆ దగ్గరతనాన్ని గమనించి, ఏ నిమిషంలో ఏ మాట తర్వాత వచ్చిందో రాసుకో.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కారు నడుపుతూ ఇవి వినే మనవాళ్ళు కూడా నీ వ్యాసం చదువుతారు. తాము రోజూ వినేదాన్ని నువ్వు సరిగ్గా విన్నావని వాళ్ళకు నమ్మకం కుదిరితేనే నీ అభ్యంతరాలు చెవికెక్కించుకుంటారు. మళ్ళీ రాసి పంపు, నోట్సు కూడా జతచెయ్యి.