రంజాన్ నెలలో దుబాయ్, మస్కట్, దోహా తిరిగితే మందు ఎక్కడ దొరుకుతుంది?

మీరు అడిగింది: 2027 ఫిబ్రవరి చివర్లో నలుగురు స్నేహితులు దుబాయ్‌లో నాలుగు రోజులు, మస్కట్‌లో రెండు, తిరుగు ప్రయాణంలో దోహాలో ఒకరోజు ఉంటారు. రంజాన్ కదా, సాయంత్రం రెండు పెగ్గులు వేసుకోవడానికి వీలుంటుందా అని.

దుబాయ్‌లో ఉంటుంది. మస్కట్‌లో బార్లు నెలంతా మూతే. దోహాలో ఆశ పెట్టుకోకండి.

దుబాయ్‌లో లైసెన్స్ ఉన్న హోటళ్లలో 2016 నుంచి రంజాన్ పగళ్లలోనూ మందు పోస్తున్నారు. పగలు తినేవాళ్లు బయటికి కనపడకుండా రెస్టారెంట్లకు తెరలు కట్టాలన్న నిబంధన కూడా 2021లో పోయింది. అయినా చాలా బార్లు ఇఫ్తార్ దాటాకే తెరుస్తాయి. ఆ రోజుల్లో అక్కడ సూర్యాస్తమయం ఆరుంపావు ప్రాంతంలో, కాబట్టి ఏడు తర్వాత వెళ్తే పని సులువు. ఇఫ్తార్‌కు ముందు గంట మాత్రం రోడ్డెక్కకండి, ట్యాక్సీ దొరకడం కష్టం. లైవ్ బ్యాండ్లు, డాన్స్ ఫ్లోర్లు ఈ నెలలో చాలాచోట్ల ఆపేస్తారు. హోరు కోసమైతే వేరే నెల చూసుకోండి. కూర్చుని మాట్లాడుకుంటూ తాగడానికైతే మిగతా నెలలకన్నా ఇదే హాయి.

మనవాళ్లు చేసే పొరపాటు దుబాయ్‌లోని కరామా పేటలో తెలుగు భోజనం హోటల్‌కి వెళ్లి బీరు అడగడం. మామూలు హోటళ్లకు లైసెన్స్ ఉండదు. బస చేసే హోటళ్ల లోపల బార్లు ఉంటాయి. బర్ దుబాయ్, దేరా వైపు మూడు నక్షత్రాల హోటళ్లలోనూ దొరుకుతాయి. వయసు 21 నిండాలి, పాస్‌పోర్టు చూపించమంటారు.

గదిలో తాగాలంటే దిగేటప్పుడే ఎయిర్‌పోర్ట్ అరైవల్స్‌లో డ్యూటీ ఫ్రీలో కొనుక్కోండి. ముస్లిమేతరులు ఒక్కొక్కరు 4 లీటర్లు, లేదా 24 బీరు క్యాన్ల కార్టన్లు రెండు (క్యాన్ 355 ఎంఎల్) తెచ్చుకోవచ్చు. రెండూ కలిపి కుదరదు, ఏదో ఒకటే. ఊళ్లో కొనాలంటే ఎంఎంఐ, ఆఫ్రికన్ ప్లస్ ఈస్టర్న్ అనే మందు షాపులకు ఒరిజినల్ పాస్‌పోర్టుతో వెళ్తే మందు కొనడానికి టూరిస్టు లైసెన్స్ ఉచితంగా ఇస్తారు, 30 రోజులు పనిచేస్తుంది. 2023లో ఎత్తేసిన 30 శాతం పన్ను 2025 జనవరిలో మళ్లీ వచ్చింది, కాబట్టి ఊళ్లో ధర ఎక్కువ. రంజాన్‌లో షాపు వేళలు మారతాయి, ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. సీసా సంచిలో కనపడకుండా ట్యాక్సీలో గదికి తీసుకెళ్లండి. మెట్రోలో వద్దు, జరిమానా పడుతుంది. బీచ్, పార్కు, పార్కింగ్ స్థలం లాంటి చోట్ల మూత తీయడం ఏ నెలలోనైనా నేరమే. కారు అద్దెకు తీసుకుంటే ఆ రాత్రి నడిపేవాడు చుక్క కూడా ముట్టకూడదు. అక్కడ ఇంతవరకు పర్లేదు అనే పరిమితి లేదు, సున్నాయే.

అసలు చిక్కు షార్జాలో వస్తుంది. హైదరాబాద్ నుంచి కొన్ని విమానాలు అక్కడ దిగుతాయి, గదులు చవక, దుబాయ్ పక్కనే. కానీ షార్జాలో రంజాన్ అయినా కాకపోయినా మద్యం పూర్తిగా నిషేధం. అమ్మడం, తాగడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. దుబాయ్‌లో తాగి ట్యాక్సీలో షార్జా గదికి తిరిగొచ్చినా, అక్కడ ఏదైనా గొడవలో నోరు వాసన పట్టిందంటే కేసే. మందు మీ ప్లాన్‌లో ఉంటే గది దుబాయ్‌లోనే తీసుకోండి. మిగిల్చిన డబ్బు ట్యాక్సీలకే పోతుంది కూడా.

ఇక ఒమాన్ రాజధాని మస్కట్ సంగతి. బార్లు, మందు షాపులు నెలంతా మూసే ఉంటాయి. కొన్ని పెద్ద హోటళ్లు మాత్రం దిగినవాళ్లకు రూమ్ సర్వీస్‌లో గదికి పంపుతాయి. బుక్ చేసే ముందే ‘రంజాన్‌లో రూమ్ సర్వీస్‌లో మద్యం ఇస్తారా’ అని ఈమెయిల్‌లో అడగండి. జవాబు రాతలో ఉంటే రిసెప్షన్‌లో వాదించే పని ఉండదు. విమానంలో వెళ్తే ముస్లిమేతరులు మనిషికి 2 లీటర్లు తీసుకెళ్లవచ్చు, దుబాయ్ నుంచి వెళ్తే అక్కడి ఎయిర్‌పోర్ట్‌లో బయల్దేరేటప్పుడు కొనుక్కోండి. బస్సులోనో కారులోనో వెళ్తే ఒక్క సీసా కూడా వద్దు, రోడ్డు సరిహద్దు గుండా మందు తీసుకెళ్లకూడదు. ఇంకొకటి, ఒమాన్‌లో పగలు బయట మంచినీళ్లు తాగినా, సిగరెట్ కాల్చినా శిక్ష పడే నేరం. దుబాయ్ అలవాటుతో వాటర్ బాటిల్ ఎత్తేవాళ్లు అక్కడ దొరికిపోతారు.

ఇంటికి తేవడానికని దుబాయ్‌లో కొన్న సీసాలు దోహాలో పోతాయి. కతార్‌లోకి మందు తీసుకెళ్లడమే నిషేధం. ఎయిర్‌పోర్ట్ నుంచి బయటికొచ్చే దారిలో లగేజీ స్కాన్ చేస్తారు, కనిపిస్తే తీసేసుకుంటారు. రంజాన్‌లో అక్కడి హోటళ్లు బార్లలో పోయవు. కాబట్టి వరస తిప్పండి: దోహా, మస్కట్ ముందు, దుబాయ్ చివర. అప్పుడు అక్కడి నుంచి నేరుగా హైదరాబాద్‌కు, మన కస్టమ్స్ అనుమతించే మనిషికి 2 లీటర్లతో రావచ్చు.

తేదీలు జరపగలిగితే ఇంకా మంచిది. 2027లో రంజాన్ ఫిబ్రవరి 8 ప్రాంతంలో మొదలై మార్చి 9 దాకా ఉంటుంది, నెలవంకను బట్టి ఒకరోజు అటూ ఇటూ. మస్కట్‌ను పండగ తర్వాత రెండు రోజులు వదిలి పెట్టుకోండి. బార్లు పండగ నాడే తెరుస్తారా, మర్నాడా అన్నది హోటల్‌ను బట్టి ఉంటుంది.