రూట్ కెనాల్ తర్వాత ఫిల్లింగ్ చాలా, క్యాప్ కావాలా?

కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ అయింది, నొప్పి పోయింది, ఇక ఫిల్లింగ్‌తో ఆపేయొచ్చా, క్యాప్ వేయిస్తే ఏది గట్టిది అని అడిగారు. ఇదే ప్రశ్న దగ్గర నేను ఒక పన్ను పోగొట్టుకున్నాను, అందుకే రాస్తున్నాను.

మాది హనుమకొండ. నాలుగేళ్ల కింద రూట్ కెనాల్ చేసిన డాక్టర్ క్యాప్ వేయించుకోమని చెప్పారు. నొప్పి లేదు కదా అని నేనే పోలేదు. ఎనిమిది నెలలకు సంక్రాంతి వచ్చింది. అమ్మ చేసిన సకినం కొరికితే టక్కుమంది. అద్దంలో చూసుకుంటే ఫిల్లింగ్ చెక్కు చెదరలేదు, దాని పక్కన నాలుక వైపున్న పన్ను గోడ మాత్రం వేలు పెడితే ఊగుతోంది. డాక్టర్ ఆ ముక్క తీసి చూస్తే చీలిక చిగురు కింద వేరు దాకా దిగింది. పన్ను తీసేయక తప్పలేదు.

రూట్ కెనాల్ చేస్తే పన్ను ఎండుకట్టెలా పెళుసవుతుందని చాలామంది అంటారు. అసలు కారణం పుచ్చుతో పోయిన భాగమే. 1989లో వచ్చిన ఒక ల్యాబ్ పరిశోధనలో, రూట్ కెనాల్ కోసం పైన రంధ్రం చేసినందుకు పన్ను దృఢత్వం 5 శాతమే తగ్గింది. పక్క పళ్లకు ఆనే రెండు అంచులూ పోతే మాత్రం 63 శాతం తగ్గింది. గంప అంచు ఊడితే అల్లిక విడిపోయినట్టే ఇదీ. ఫిల్లింగ్ గోడల మధ్య కూర్చుంటుంది, క్యాప్ గోడలను బయటి నుంచి పట్టి ఉంచుతుంది. అందుకే ముందు పన్నుకు వెనక చిన్న రంధ్రమే ఉంటే కాంపోజిట్ ఫిల్లింగ్ (పన్ను రంగులో ఉండేది) సరిపోతుంది, అంచులు పోయిన దవడ పన్నుకు చాలదు.

ఏది గట్టిదంటే, దవడ పళ్లకు వాడే మామూలు జిర్కోనియా (లోహంలా గట్టిగా ఉండే తెల్ల సిరామిక్) బలం 900 మెగాపాస్కల్స్ (విరగకుండా ఎంత ఒత్తిడి ఆపుతుందో చెప్పే కొలత) పైనే, ఈ-మ్యాక్స్ లాంటి గాజు సిరామిక్‌ది 400 దగ్గర. కానీ అది క్యాప్ బలం, మీ పన్నుది కాదు. చిగురు పైన చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి, క్యాప్ దాన్ని పట్టుకోవాలి. వెనక పన్ను కనపడదు అనుకుంటే మెటల్ క్యాప్ కూడా మంచిదే, దానికోసం పన్నును తక్కువ అరగదీస్తారు.

పోస్ట్, అంటే వేరు లోపల దించే సన్నని కడ్డీ, వేస్తే పన్ను బలపడుతుందనుకోకండి. పైన కట్టిన భాగాన్ని నిలబెట్టడానికే అది. స్టీల్ పోస్ట్ పన్ను కన్నా చాలా బిరుసు, ఒత్తిడికి వేరు చీలే ప్రమాదం ఉంది. ఫైబర్ పోస్ట్ పన్నుతో పాటు కాస్త వంగుతుంది, తేడా వస్తే ఎక్కువగా అదే ఊడుతుంది.

మరుసటి ఏడు కుడివైపు పన్నుకు రూట్ కెనాల్ అయితే రెండు వారాల్లోపే జిర్కోనియా వేయించాను. ఇప్పుడు ఆ వైపే సర్వపిండి నములుతున్నాను. మీరు డాక్టర్‌ను అడగాల్సింది ముందుగా క్యాప్ రకం కాదు, చిగురు పైన ఎంత పన్ను మిగిలిందని. క్యాప్ పడేదాకా ఆ వైపు సకినాలు, మక్క పేలాలు, మటన్ బొక్కలు కొరకొద్దు.