శిబిరానికి బయల్దేరే ముందు చదువుకో

చిరంజీవికి, పెదనాన్న దీవెనలు.

పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి పేరిచ్చావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది. "భయాలన్నీ పోగొట్టుకుని వస్తుందట" అని కూడా అంది. గుబులు పుట్టింది ఆ మాటకే.

వదులు బట్టలు పెట్టుకో. ఫోన్ ఎలాగూ తీసేసుకుంటారు, దాని కోసం ఏడవకు. మొదట్లో మోకాళ్లు సలుపుతాయి, సర్దుకుంటాయి.

కళ్లు మూసుకుంటే పెద్ద పెద్ద కోరికలేవో తరుముకొస్తాయనుకుంటావు. అక్కడ అన్నిటికన్నా పెద్ద కోరిక గంట ఎప్పుడు మోగుతుందా అన్నదే. నిన్న బాగా కుదిరిన ధ్యానం ఇవాళా అలాగే కుదరాలన్నది ఇంకొకటి. అది భక్తి వేషంలో వస్తుంది కాబట్టి దొరకదు. సతిపట్ఠాన సుత్తమనే ఉపదేశంలో బుద్ధుడు చెప్పింది సాదా మాట: మనసులో రాగం, అంటే కోరిక, ఉంటే ఉందని తెలుసుకో, లేకపోతే లేదని తెలుసుకో. ఉన్నందుకు సిగ్గుపడమని అక్కడ లేదు. రెండు మార్కులు తగ్గితే నిన్ను నువ్వే తిట్టుకునేదానివి, అక్కడా ఆ పనే మొదలుపెడతావు. వద్దు.

ఇంటికొచ్చాకా అంతే. ఎవరికో మెసేజ్ పెట్టి మాటిమాటికీ స్క్రీన్ చూస్తావు. జవాబు రావాలని ఉంటుంది, వస్తే అందులో ఏముంటుందోనని టెన్షనూ ఉంటుంది. తృష్ణ నుంచే భయం పుడుతుందని ధమ్మపదం ఊరికే అనలేదు. ఆ క్షణంలో ఛాతీ ఎలా బిగుసుకుంది, బొటనవేలు ఎటు పోతోంది, అది చూడు. చూశాక ఫోన్ తీసినా తప్పులేదులే.

ఇక భయం. జ్ఞానోదయానికి ముందు బుద్ధుడు జనం జడుసుకునే అడవుల్లో రాత్రిళ్లు ఒంటరిగా గడిపాడని భయభేరవ సుత్తం చెబుతుంది. లేడి కదిలినా, నెమలి పుల్ల విరిచినా, ఆకులు గలగలమన్నా ఆ భయమే వచ్చిందేమో అనిపించేదట. నడుస్తుండగా భయం వస్తే అది తగ్గేదాకా నడుస్తూనే ఉన్నాడు, కూర్చుని ఉండగా వస్తే కూర్చునే ఉన్నాడు.

నా స్నేహితుడొకడికి ఈ ఘట్టమంటే ప్రాణం. సాధనలో నాకన్నా చాలా ముందున్నవాడు. ఒక తెల్లవారుజామున గుండె మీద బరువు, ఎడమ చెయ్యి లాగడం, ఒళ్లంతా చెమట. 'ఇది వేదన, ఇది భయం, రెండూ పోయేవే' అనుకుంటూ గోడకానుకుని కూర్చున్నాడు. పక్క గదిలో భార్య ఉంది, పిలవలేదు. ఆవిడ లేచి వచ్చేసరికి మాట ముద్దముద్దగా వస్తోంది. బతికాడు గానీ ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆగిపోతాడు. ఆసుపత్రి మంచం మీద "భయాన్ని గెలిచాను కదా" అని నవ్వబోయాడు. ఆవిడ చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి బయటికి వెళ్లిపోయింది. నేనక్కడే ఉన్నాను, ఏమనాలో తెలియలేదు. వాడి మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

వాడు భయాన్ని చూస్తున్నాననుకున్నాడు, నిజానికి గెంటేస్తున్నాడు. ఇది ఉండకూడదు, పోవాలి అనుకోవడమూ తృష్ణే. పాము, కరిచే కుక్క, మదపుటేనుగు ఎదురైతే తప్పుకోమని ఆ బుద్ధుడే సబ్బాసవ సుత్తంలో చెప్పాడు, ఆ తప్పుకోవడాన్నీ సాధనలోనే చేర్చాడు. వచ్చింది లేడో పామో చూడకుండా కూర్చుంటే ఇంక దేన్ని గమనించినట్టు?

నిన్ను ఊపిరిని గమనించమంటారు. అందుకే నాకీ కంగారు. చిన్నప్పుడు ఆయాసం వచ్చిన రాత్రుల్లో నిన్ను భుజాన వేసుకుని తిరిగినవాణ్ణి. ఆ పిల్లికూత ఇంకా చెవుల్లోనే ఉంది. ఇన్‌హేలర్ ఆసనం పక్కనే పెట్టుకో. దాన్ని వాడితే సాధన చెడిపోదు. ఊపిరి అందకపోతే మౌనం మానేసి గట్టిగా పిలువు, పిచ్చిదానా, ఎవరేమనుకున్నా సరే.

నీ మందుల సంగతి దరఖాస్తులో రాశావా? మీ అమ్మనడిగితే తెలియదంది. రాయకపోతే రేపు పొద్దున్నే వాళ్లకి ఫోన్ చేసి చెప్పు. చెప్పాక నాకూ ఒక మాట చెప్పు.

పెదనాన్న