డయాలసిస్ మీద ఉన్న నాన్న నీరసపడుతుంటే ఏం చూడాలి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

డయాలసిస్ మొదలై ఏళ్లయింది, బరువు కూడా తగ్గలేదు, అయినా నాన్న నాలుగడుగులు వేయలేకపోతున్నారని రాశావు. డయాలసిస్ వార్డులో నర్సుగా చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, కాటా మీద అంకె చూసి ధైర్యపడకు. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువును డ్రై వెయిట్ అంటారు. అది ఒకసారి రాసి వదిలేసేది కాదు. రెండు కిలోల కండ కరిగి, రెండు కిలోల నీరు చేరితే కాటా పాత అంకే చూపిస్తుంది. ఆ నీటి భారం పడేది గుండె మీద. బీపీ దిగదు, పడుకుంటే ఆయాసం వస్తుంది. అందుకే ఆకలి తగ్గినా, చొక్కాలు వదులైనా, జ్వరం వచ్చి లేచినా డ్రై వెయిట్ మళ్లీ చూడమని డాక్టరుగారిని అడుగు. మొహమాటపడకు.

మెషీన్ మీద బీపీ పడిపోతోందన్నావు కదా. మెషీన్ నీటిని లాగేది రక్తంలోంచి. ఒంట్లో మిగతా చోట్ల చేరిన నీరు రక్తంలోకి రావడానికి టైమ్ పడుతుంది. అంతకన్నా వేగంగా లాగితే బీపీ పడుతుంది, పిక్కలు పట్టేస్తాయి. గంటకు, కిలో బరువుకు 13 మి.లీ. మించకుండా తీయాలని చాలామంది డాక్టర్లు చూస్తారు. అంటే 60 కిలోల మనిషికి 4 గంటల్లో సుమారు 3 లీటర్లు. అంతకన్నా ఎక్కువ నీరు చేరుతుంటే ఇంకాసేపు మెషీన్ మీద ఉంచడం కుదురుతుందేమో అడుగు. ఇంట్లో మాత్రం నీళ్ల గురించి పోరు పెట్టేముందు ఉప్పు తగ్గించు. ఉప్పు తిన్న మనిషిని దాహం ఓర్చుకోమనడం అన్యాయం. ఆవులింతలు, చెమట, కళ్లు తిరగడం మొదలవగానే సిస్టర్‌కి చెప్పమను. చాలామంది ఓర్చుకుంటే పోతుందిలే అని ఊరుకుంటారు, అది ప్రమాదం.

రోజూ రాత్రి ఆయన పాదాలు చూడు, షుగర్ ఉంటే మరీ ముఖ్యం. ఏళ్ల తరబడి ఫాస్ఫరస్ ఎక్కువగా ఉంటే రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుని అవి గట్టిపడతాయి, పాదాలకు రక్తం సరిగా అందదు. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర భోజనంతోపాటే పడాలి, తిన్న చాలాసేపటికి వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. నడిస్తే పిక్క నొప్పి, ఆగితే తగ్గడం, పాదం చల్లబడటం, చిన్న పుండు మానకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే చూపించు. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన చోటు, దాని మీద చెయ్యి పెడితే గరగరమని తెలియాలి. అది ఆగిపోతే మర్నాటిదాకా ఆగొద్దు. ఆ చేతి వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కినా చెప్పాలి.

కండ గురించి ఒక్క మాట. డయాలసిస్ మొదలవకముందు ప్రోటీన్ తగ్గించమని చెప్పి ఉంటారు. చాలా ఇళ్లలో ఆ పథ్యమే ఇంకా నడుస్తుంటుంది. ఇప్పుడది తప్పు. మెషీన్ మీద కొంత ప్రోటీన్ సారం పోతుంది కూడా. మామూలుగా కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, ఆయనకు ఎంతో డైటీషియన్‌ని అడుగు. డాక్టరుగారు సరేనంటే, డయాలసిస్ లేని రోజుల్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం చేయించు. మొదట రెండుసార్లు లేచినా చాలు. డయాలసిస్ అయ్యాక కాసేపు కూర్చోబెట్టి, ఆ తర్వాతే మెల్లగా నిలబెట్టు. ఎముకలు కూడా పెళుసెక్కి ఉంటాయి, పడితే మళ్లీ లేవడం చాలా కష్టం.

ఈసారి వెళ్లినప్పుడు డ్రై వెయిట్ మాట మొదట అడుగు. ఏమన్నారో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ