సమాధానం: జేమీ బేకర్ గెలుపులు అంత తక్కువైతే 185వ ర్యాంకు ఎలా?

టెన్నిస్ ఆటగాడు జేమీ బేకర్ ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) ప్రొఫైల్‌లో గెలుపులు కొన్నే ఉన్నాయని అడిగారు కదా, మీరు చూసిన పేజీలో తప్పేమీ లేదండీ. ఏటీపీ గెలుపోటముల పట్టికలో ప్రధానంగా గ్రాండ్‌స్లామ్, టూర్ టోర్నీల మెయిన్ డ్రా (అసలు పోటీ) మ్యాచ్‌లు, దేశాల జట్లు ఆడే డేవిస్ కప్ లెక్క. టూర్ కంటే కింది స్థాయి టోర్నీలైన చాలెంజర్లు, ఫ్యూచర్స్, మెయిన్ డ్రాలో చోటు కోసం ముందు ఆడే క్వాలిఫయింగ్ అందులో కనిపించవు. ర్యాంకు పాయింట్లు మాత్రం వస్తాయి. స్కాట్లండ్‌లోని గ్లాస్గోకు చెందిన బేకర్ 2012లో 185కి చేరింది ఎక్కువగా ఆ చిన్న టోర్నీల మీదే.

2013 ఆస్ట్రేలియన్ ఓపెన్ చూడండి. క్వాలిఫయింగ్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి, మొదటి రౌండ్‌లో లుకాష్ రోసోల్ చేతిలో ఓడాడు. పట్టికలో పడింది ఒక్క ఓటమే. ఖాతాలో చేరినవి క్వాలిఫయింగ్‌కు 25, మొదటి రౌండ్‌కు 10 కలిపి 35 పాయింట్లు! అవీ 52 వారాలే ఉంటాయి, తర్వాత రాలిపోతాయి. అందుకే ఈ స్థాయిలో ఒక్క గాయం చాలు, ర్యాంకు జారిపోవడానికి.

కాబట్టి ప్రొఫైల్‌లో యాక్టివిటీ విభాగం తెరిచి, సంవత్సరం ఎంచుకుని, చాలెంజర్, ఫ్యూచర్స్ ఫలితాలు విడిగా కూడండి. సింగిల్స్, డబుల్స్ కలపొద్దు.

ఇక స్కాట్లండ్ ఆటగాడి పేరు పక్కన ఏ జెండా అన్న సంగతి: టూర్‌లో, డేవిస్ కప్‌లో బ్రిటనే. స్కాట్లండ్ విడిగా దిగేది కామన్వెల్త్ క్రీడల్లో. 2010 ఢిల్లీలో కోలిన్ ఫ్లెమింగ్, జోస్లిన్ రే మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం ఆ ఖాతాలోదే.