పట్టపగలే భయపెట్టిన ‘రాత్రి’

ప్రశ్న: పాత హారర్ సినిమాల్లో మీకు బాగా నచ్చినది, జనం సరిగ్గా పట్టించుకోనిది ఏది?

ఒక్క పేరే చెప్పమంటే ‘రాత్రి’. 1992లో రామ్ గోపాల్ వర్మ తెలుగులోనూ హిందీలోనూ తీసిన సినిమా. హిందీలో పేరు ‘రాత్’. రేవతి హీరోయిన్. వర్మ హారర్ అనగానే అందరూ 2003లో వచ్చిన ‘భూత్’ గురించే మాట్లాడతారు. నన్నడిగితే ‘భూత్’ కంటే ‘రాత్రి’ పది మెట్లు పైనుంటుంది. ఈ విషయంలో ఎవరితోనైనా తెల్లవార్లూ వాదించగలను.

కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. ఒక కుటుంబం కొత్త ఇంట్లో దిగుతుంది. ఇంట్లో పిల్లాడు ముద్దుగా చూసుకునే పిల్లి కారు కింద పడి చచ్చిపోతుంది. వాడికి తెలియకుండా దాన్ని పాతిపెట్టేస్తారు. ఆ తర్వాత పిల్లి మళ్ళీ ఇంట్లో తిరుగుతూ కనిపిస్తుంది. అక్కణ్ణుంచి ఆ ఇంటి ఆడపిల్లకి, అంటే రేవతికి, ఏదో అవుతూ ఉంటుంది. విన్నవాళ్ళు ‘ఓస్ ఇంతేనా’ అంటారు. సినిమా చూసినవాళ్ళు అనరు.

నేను చూసినప్పుడు ఏడో తరగతి పరీక్షలైపోయి అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉన్నాను. మా చిన్న మామయ్యకి సినిమా అంటే పిచ్చి. పక్కూరి థియేటర్లో కొత్త బొమ్మ మారిందంటే అన్నం కూడా సరిగ్గా తినకుండా సైకిలెక్కేసేవాడు. ఆ రోజు “అల్లుడూ, సెకండ్ షోకి వస్తావా?” అన్నాడు. అమ్మమ్మకి సినిమా పేరు చెప్పలేదు. నేను వెనక క్యారేజీ మీద కూర్చున్నాను. మూడు కిలోమీటర్ల దారి, సగం దూరం రెండు వైపులా చింతచెట్లు.

హాల్లో ఇరవై మంది కూడా లేరు. నేల ఖాళీ, బెంచీల్లో నలుగురైదుగురు, కుర్చీల్లో మేమూ ఇంకొంతమందీ. మామూలుగా ఆ థియేటర్లో సినిమా వినపడాలంటే చెవులు రిక్కించాలి, ఈలలూ కేకలూ అలా ఉండేవి. ఆ రోజు పైన తిరిగే ఫ్యాను టకటక వినిపించేది, ఆపరేటర్ గదిలోంచి మిషన్ చప్పుడు కూడా. ఎవరిదో బీడీ పొగ ప్రొజెక్టర్ వెలుగులో తీగలు తీగలుగా పైకి లేస్తోంది.

సినిమాలో ఒక సీనుంది. రేవతి సినిమా హాల్లో కూర్చుని సినిమా చూస్తుంటుంది. చుట్టూ జనం. ఉన్నట్టుండి చూసేసరికి ఒక్కరూ ఉండరు, హాలంతా ఖాళీ కుర్చీలే. దెయ్యం లేదు, రక్తం లేదు, ఎవరూ మీదికి రారు. ఖాళీ కుర్చీలంతే. నాకు తెలియకుండానే నేనూ వెనక్కి తిరిగి చూశాను. నా వెనక వరసలో ఎవరూ లేరు. దాని వెనక వరసలోనూ లేరు. మామయ్యని పట్టుకుందామని పక్కకి చెయ్యి చాపితే కుర్చీ చెక్క తగిలింది. చల్లగా ఉంది. మామయ్య లేడు.

ఆ క్షణం ఎంతసేపు ఉందో చెప్పలేను. అరుద్దామంటే గొంతులోంచి మాట రాలేదు. తెర మీద రేవతి, ఇక్కడ నేను, ఇద్దరం ఒకే హాల్లో ఉన్నట్టు అనిపించింది. పక్క తలుపుకి వేసిన నల్ల గుడ్డ గాలికి ఒకసారి ఉబ్బి, మళ్ళీ లోపలికి అతుక్కుంది. ఆ గుడ్డ అంచు చిరుగు, దాంట్లోంచి కనపడ్డ వీధి దీపం వెలుగు ముక్క నాకు ఇప్పటికీ అలాగే గుర్తున్నాయి. సినిమాలో డైలాగులు మర్చిపోయాను కానీ ఆ గుడ్డని మర్చిపోలేదు.

మామయ్య కాసేపటికి వచ్చి కూర్చున్నాడు. బయట టీ బడ్డీ దగ్గర నిలబడ్డానన్నాడు. టీ తాగాలనిపించి వెళ్ళాడనే చాలా ఏళ్ళు నమ్మాను. మొన్నామధ్య ఒక పెళ్ళిలో కలిసినప్పుడు ఆ సంగతి ఎత్తితే, “టీ ఏంట్రా, ఆ పిల్లి మళ్ళీ కనపడేసరికి నావల్ల కాక బయటికెళ్ళి లైటు కింద నిలబడ్డాను” అన్నాడు. అప్పటికి ఇరవై మూడేళ్ళ మనిషి, అర్ధరాత్రి పొలానికి నీళ్ళు పెట్టడానికి ఒంటరిగా వెళ్ళేవాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆ చింతచెట్ల కింద సైకిల్ తొక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాం. డైనమో లైటు ఉంది కాబట్టి తొక్కితేనే వెలుతురు. అయినా తొక్కలేదు. ఎందుకో ఇద్దరం మాట్లాడుకోలేదు కూడా. తెల్లారేసరికి నాకు ఒళ్ళు కాలిపోతోంది. అమ్మమ్మ దడుపు జ్వరమని తేల్చేసి దిష్టి తీసింది, సాయంత్రం దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. మామయ్యని మాత్రం వారం రోజులు తిట్టింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ సినిమా ఎందుకింత పట్టి కుదిపేసిందో నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. పేరు ‘రాత్రి’ గానీ, భయం పెట్టింది పగలు. మొదట్లోనే రేవతి నిర్మానుష్యంగా ఉన్న ఊళ్ళో ఒక్కతే నడుస్తుంటుంది. ఎండ ఉంది, ఇళ్ళున్నాయి, మనుషులు లేరు. పల్లెల్లో పెరిగినవాళ్ళకి ఇది బాగా తెలుసు. మా అమ్మమ్మ రాత్రి కంటే మిట్టమధ్యాహ్నానికే ఎక్కువ భయపడేది. ‘పన్నెండు గంటలప్పుడు చింతచెట్టు కిందికి పోకు, బావి దగ్గర ఒంటరిగా నిలబడకు’ అనేది. అందరూ అన్నాలు తిని పడుకున్నాక వీధి ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ఎక్కడో గేదె మెడలో గంట ఒకసారి మోగి ఆగిపోతుంది. ఆ ఖాళీలో ఉండే భయాన్ని తెర మీదికి తెచ్చిన తెలుగు సినిమా ఇదొక్కటే అని నా నమ్మకం.

దానికి కెమెరా పనిచేసింది తేజ, తర్వాత ‘చిత్రం’, ‘నువ్వు నేను’ తీసిన డైరెక్టరే. నేపథ్య సంగీతం మణిశర్మ. మెలోడీ బ్రహ్మ అని పాటల కోసం మనం పిలుచుకునే మనిషి తొలి రోజుల్లో చేసిన పని ఇది. ఎక్కడ ఊరుకోవాలో ఆయనకి అప్పటికే తెలుసు. ఇప్పటి హారర్ సినిమాల్లో తలుపు తెరిస్తే ఢాం, అద్దంలో చూస్తే ఢాం, ఫ్రిజ్ మూస్తే ఢాం. వెనక నుంచి ఎవరైనా చప్పట్లు కొట్టినా ఉలిక్కిపడతాం, దాన్ని భయం అనరు. భయమంటే ఇంటికొచ్చాక బాత్రూమ్‌కి వెళ్ళడానికి లైటు వేసుకోవాలనిపించడం.

వర్మ సినిమాల్లోకి రాకముందు హైదరాబాద్ అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల షాపు నడిపాడు. ఆ చూపు ఈ సినిమాలో కనిపిస్తుంది. ఆ రోజుల్లో వీసీపీ అద్దెకి తెచ్చుకుని రాత్రంతా ‘ఈవిల్ డెడ్’ చూసిన బ్యాచ్ ప్రతి ఊళ్ళోనూ ఉండేది. 1981లో శామ్ రైమీ తీసిన ఆ సినిమాలో కెమెరాని చెక్కకి బిగించి పరిగెత్తారు, అందుకే దెయ్యం నేల బారున దూసుకొస్తున్నట్టుంటుంది. మనవాళ్ళు దాంట్లో రక్తం చూసి దడుచుకున్నారు. నాకు రక్తం ఎక్కదు. పరాయి దేశం సినిమాల్లో నాకు నచ్చినవి వేరే రెండున్నాయి, రెండూ నలుపు తెలుపే. ఒకటి 1961లో జాక్ క్లేటన్ తీసిన ‘ది ఇన్నోసెంట్స్’. పట్టపగలు చెరువుకి అవతల తుంగలో నల్ల బట్టలేసుకున్న ఒక ఆడమనిషి కదలకుండా నిలబడి ఉంటుంది. అంతే, ఇంకేం చెయ్యదు. రెండోది 1962 నాటి ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’. అమెరికాలో హెర్క్ హార్వీ అనే ఆయన పిసరంత డబ్బుతో తీశాడు. అందులో హీరోయిన్ బట్టల కొట్లో ఉండగా ఉన్నట్టుండి ఆమె మాట ఎవరికీ వినపడదు, ఆమెని ఎవరూ చూడరు. ఊరంతా ఉంది, ఆమె ఒక్కతే లేదు. రేవతి హాలు సీనూ ఇదీ ఒకే కడుపున పుట్టినవి. మొదటిసారి చూసినప్పుడు నా చెయ్యి మళ్ళీ పక్క కుర్చీ మీదికి పోయింది.

ఇక్కడ ఎవరో ఒకరు ‘కాష్మోరా’ పేరు ఎత్తుతారని తెలుసు. 1986లో యండమూరి వీరేంద్రనాథ్ నవల ఆధారంగా వచ్చిన సినిమా, రాజేంద్రప్రసాద్, రాజశేఖర్, భానుప్రియ, శారద ఉన్నారు. మా అత్తయ్య ఆ కథకి మొదటి భాగమైన యండమూరి నవల ‘తులసిదళం’ సీరియల్ కాగితాలు వారం వారం చింపి, దారంతో కుట్టి, అట్ట వేసి బీరువాలో దాచుకుంది. పది ఇళ్ళు తిరిగిన పుస్తకం అది. చదివించే శక్తి ఉంది, కాదనను. కానీ ఆ కథలో చేతబడి నిజం, అది చేసేవాడు మన మధ్యనే ఉంటాడు. అది చదివి, చూసి, పక్కింటివాణ్ణి అనుమానించేవాళ్ళు నాకు తెలుసు. చేతబడి చేశారన్న అనుమానంతో ముసలివాళ్ళని చెట్టుకి కట్టేసి కొట్టిన వార్తలు మనం ఇప్పటికీ చదువుతున్నాం. ఆ నవల మీద రంగనాయకమ్మ గారు ఘాటుగా రాసిన విమర్శ నాకు నూటికి నూరు పాళ్ళూ సబబే అనిపిస్తుంది. ‘రాత్రి’లోనూ మంత్రగాడు ఉన్నాడు, ఓంపురి వేశాడు, ఆయన వచ్చాక సినిమా కొంచెం సాగింది కూడా. అయినా అది వేలెత్తి ఒక మనిషిని చూపించదు. భయం ఇంట్లోనే ఉంటుంది.

నాకు అసలు బాధ ఏంటంటే, ‘రాత్రి’ వేసిన దారిలో ఎవరూ నడవలేదు. 2005లో ‘చంద్రముఖి’ ఆడిన దగ్గర్నుంచి దెయ్యం సినిమా అంటే కామెడీ సినిమా అయిపోయింది. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ తర్వాత మరీను. కమెడియన్ మంచం కింద దూరాలి, దెయ్యం వాడి చెంప పగలగొట్టాలి, సెకండాఫ్‌లో దెయ్యానికి ఒక ఫ్లాష్‌బ్యాక్, అందులో ఒక విలన్, చివర్లో పగ తీరి దెయ్యం ఏడుస్తూ వెళ్ళిపోవాలి. దెయ్యానికి కారణం తెలిశాక భయం ఎక్కడిది? జాలి వస్తుంది. జాలి కోసమైతే కుటుంబ కథా చిత్రాలు బోలెడున్నాయి.

1982లో జాన్ కార్పెంటర్ ‘ది థింగ్’ తీశాడు. ముద్దొచ్చే గ్రహాంతరవాసి సినిమా ‘ఈటీ’ విడుదలైన రెండు వారాలకే రావడంతో అప్పుడు ఎవరూ లెక్క చెయ్యలేదు. తర్వాత వీడియోల్లో చూసి జనం నెత్తిన పెట్టుకున్నారు, ఇప్పుడు గొప్ప హారర్ సినిమాల పేర్లు చెప్తే అది ఉండాల్సిందే. మన ‘రాత్రి’కి అలాంటి రెండో జన్మ రాలేదు. నాకు దొరికిన తెలుగు కాపీ చూస్తే ఏడుపొచ్చింది. రంగులు వెలిసిపోయాయి, చీకటి సీన్లలో ఏమీ కనపడదు, మూల మీద ఎవరిదో లోగో. హీరోల పుట్టినరోజులకి పాత సినిమాలు 4కేలో మళ్ళీ వేస్తున్నారు కదా, రేవతి చేసిన ఈ పాత్ర కోసం ఒక్క మంచి ప్రింటు తియ్యలేరా?

చూడాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. అర్ధరాత్రి గుంపుగా కూర్చుని చిప్స్ తింటూ చూడకండి. ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో అందరూ పడుకున్నాక, కర్టెన్లు వెయ్యకుండా, సౌండ్ కాస్త తగ్గించి ఒక్కరే చూడండి. ఆ హాలు సీను వచ్చినప్పుడు ఫోన్ ముట్టుకోకండి. పక్క కుర్చీ ఖాళీగా ఉంచుకోండి.